సర్టిఫికెట్ నుంచి పబ్లిక్ కీ తీయబోతే జావా ఒప్పుకోవడం లేదు, ఎవరైనా చేశారా?

ఎనుమాముల_మిర్చి
ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి రైతుల నమోదు ప్రోగ్రాం రాస్తున్నాను. మిర్చి బస్తాలు పెట్టడానికి వచ్చిన రైతు తన ఆధార్ ఆఫ్‌లైన్ ఎక్స్‌ఎంఎల్ ఫైలునూ ఆ జిప్ తెరిచే నాలుగంకెల షేర్ కోడునూ ఇస్తాడు. జిప్ విప్పి, లోపలి డిజిటల్ సంతకం సరిచూసి, పేరూ ఊరూ మా రిజిస్టరులో నింపాలి. సంతకం సరిచూడటానికి పబ్లిక్ కీ (అందరికీ బయటపెట్టే కీ) కావాలి, అది ఉండే సర్టిఫికెట్‌ను ఆధార్ సైటు నుంచి .సెర్ ఫైలుగా దించుకున్నాను. ఆ బైట్లను జావాలోని ఎక్స్509ఎన్‌కోడెడ్‌కీస్పెక్ క్లాసుకు ఇచ్చి, కీ తయారుచేసే కీఫ్యాక్టరీని ఆర్‌ఎస్‌ఏ రకం కీ అడిగితే ఇన్‌వ్యాలిడ్‌కీస్పెక్ ఎక్సెప్షన్ వస్తోంది. ఫైలు మళ్లీ దించుకున్నా అదే వరస. మిర్చి రాకముందే ఇది తేలాలి.

మడికొండ_జావా
ఫైలులో తప్పేమీ లేదండీ. ఆ క్లాసు పేరు చూసి సర్టిఫికెట్ మొత్తం ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. దానికి కావలసింది సర్టిఫికెట్ లోపల ఒక భాగమైన సబ్జెక్ట్‌పబ్లిక్‌కీఇన్ఫో, అంటే కీ ఉండే ముక్క మాత్రమే. సర్టిఫికెట్‌లో దానితో పాటు ఎవరికి ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, వరుస సంఖ్య, గడువు, ఇచ్చినవారి సంతకం, ఇవన్నీ ఉంటాయి. అంత సరుకు ఒక్కసారిగా మీద పోస్తే కీఫ్యాక్టరీ తలుపు వేసేస్తుంది.

సర్టిఫికెట్‌ఫ్యాక్టరీని ఎక్స్.509 (సర్టిఫికెట్ల ప్రామాణిక రూపం) అనే పేరుతో తెచ్చుకోండి. దాని జనరేట్‌సర్టిఫికెట్‌కు ఫైలు స్ట్రీమ్ ఇవ్వండి. తిరిగి వచ్చినదాన్ని గెట్‌పబ్లిక్‌కీ అని అడగండి. మీ చేతికి కీ వచ్చేసినట్టే, కీఫ్యాక్టరీతో పనే లేదు.

కాజీపేట_పైథాన్
.సెర్ అని ఉన్నంత మాత్రాన లోపల ఏ రూపంలో ఉందో తెలియదు. డెర్ అయితే బైనరీ, తొలి బైటు హెక్స్‌లో 30 ఉంటుంది. పెమ్ అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గీతల మధ్య బిగిన్ సర్టిఫికెట్ అని కనిపిస్తుంది, కింద బేస్64 అక్షరాలు, అంటే ఆ బైట్లనే మామూలు అక్షరాలుగా రాసినవి. అదే గీతల మధ్య బిగిన్ పబ్లిక్ కీ అని ఉంటే అది సర్టిఫికెట్ కాదు, ఒట్టి కీ. బిగిన్ ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీ అని ఉంటే అదీ కీయే కానీ, పీకేసీఎస్1 అనే వేరే అమరిక. సగం గొడవలు ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే వస్తాయి.

జావా డెర్‌నూ పెమ్‌నూ తనే గుర్తుపడుతుంది. పైథాన్‌లో క్రిప్టోగ్రఫీ లైబ్రరీ అయితే రెండింటికీ వేర్వేరు ఫంక్షన్లు, లోడ్_డెర్_ఎక్స్509_సర్టిఫికెట్, లోడ్_పెమ్_ఎక్స్509_సర్టిఫికెట్. ఆ పైన పబ్లిక్_కీ పిలిస్తే సరి. వచ్చింది ఆర్‌ఎస్‌ఏ కీయా, ఎలిప్టిక్ కర్వ్ అనే వేరే రకం కీయా అన్నది చూసుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

కరీంనగర్_నోడ్
నోడ్‌లో పెమ్ సర్టిఫికెట్‌ను నేరుగా క్రియేట్‌పబ్లిక్‌కీకి ఇచ్చినా కీ వస్తుంది. డెర్ అయితే ఎక్స్509సర్టిఫికెట్ క్లాసు వాడండి, నోడ్ 15.6 వెర్షన్ నుంచి ఉంది. గో భాషలో పార్స్‌సర్టిఫికెట్ డెర్‌నే తీసుకుంటుంది, పెమ్‌ను ముందు డీకోడ్ చేయాలి. ఏ కోడూ రాయకుండా చూడాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూలులోని ఎక్స్509 కమాండుకు పబ్‌కీ, నోఅవుట్ అనే ఆప్షన్లు ఇస్తే చాలు.

ఎనుమాముల_మిర్చి
మడికొండ అన్నా, పని చేసింది! 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ వచ్చింది. మరో సందేహం. ఎక్స్‌ఎంఎల్‌లో సంతకం పక్కనే సర్టిఫికెట్ కూడా ఉంటే దాని నుంచే కీ తీసుకోవచ్చు కదా? అప్పుడు ఈ .సెర్ ఫైలును కంప్యూటర్‌లో దాచే పనే ఉండదు.

పాత_కోడు_మనిషి
ఆ పని మాత్రం చేయకండి. కీ తీయడం మూడు వరుసల పని, ఏ కీని నమ్మాలో తేల్చుకోవడమే అసలు పని.

ఎవడో ఒకడు ఎక్స్‌ఎంఎల్ తెరిచి పేరు మారుస్తాడు. తన కంప్యూటర్‌లో ఒక కీ జత (సంతకం చేసే రహస్య కీ, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ) తయారుచేసి, దానితో కొత్తగా సంతకం చేసి, తన సర్టిఫికెట్‌నే పక్కన పెడతాడు. మీ ప్రోగ్రాం ఆ సర్టిఫికెట్ నుంచి కీ తీసి, దానితోనే సంతకం సరిచూస్తుంది. లెక్క ప్రకారం అంతా సరిపోతుంది, పచ్చ టిక్కు పడుతుంది. దొంగనే పిలిచి, నువ్వు దొంగవా అని అడిగినట్టు. కాబట్టి కీ ఎప్పుడూ మీరు విడిగా తెచ్చి దాచుకున్న సర్టిఫికెట్ నుంచే రావాలి. జావాలో సంతకం సరిచూసేటప్పుడు వాడే డీఓఎంవ్యాలిడేట్‌కాంటెక్స్ట్‌కు మీ కీని నేరుగా ఇచ్చేయండి, ఎక్స్‌ఎంఎల్‌లో వచ్చిన కీ వివరాలుండే కీఇన్ఫోను చూడనివ్వకండి.

అది కుదిరాక, సంతకం దేనికి చేశారో చెప్పే రెఫరెన్స్ యూఆర్‌ఐ ఖాళీగా ఉందో లేదో చూడండి. ఖాళీగా ఉంటే సంతకం డాక్యుమెంటు మొత్తానికి చేసినట్టు. ఏదో ఒక ముక్కకే సంతకం చేసి, పక్కన వేరే ముక్క చేర్చే మోసం పాతదే. సంతకం కిందికి వచ్చిన భాగం నుంచే పేరూ ఊరూ చదవాలి.

జావా 17లో పరుగెత్తిస్తున్నారా? అక్కడ షా-1 అనే పాత హాష్ పద్ధతితో చేసిన ఎక్స్‌ఎంఎల్ సంతకాలను మామూలుగా తిరస్కరిస్తారు. అలాంటి ఎర్రర్ వస్తే కీని అనుమానించే ముందు సంతకం పద్ధతిని చెప్పే సిగ్నేచర్‌మెథడ్‌లో ఏముందో చదవండి.

మీసేవ_మెట్‌పల్లి
నేను ప్రోగ్రామర్ను కాను కానీ ఈ మాట రోజూ అనుభవంలో ఉంది. ఈ-ఆధార్ పీడీఎఫ్ అడోబ్ రీడర్‌లో తెరిస్తే సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం వస్తుంది. జనం నకిలీదేమో అని కంగారుపడతారు. కుడి మౌసు నొక్కి, ఆ సర్టిఫికెట్‌ను నమ్మకమైన వాటిలో చేరిస్తే పచ్చగా మారుతుంది. ఫైలులో ఏమీ మారలేదు, మారింది మన కంప్యూటర్ ఎవరిని నమ్ముతుందన్నదే.

పాత_కోడు_మనిషి
సరిగ్గా అదే. మన దేశంలో ఈ సర్టిఫికెట్ల గొలుసు 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన సీసీఏ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల మీద ప్రభుత్వ నియంత్రణాధికారి) రూట్, అంటే మూల సర్టిఫికెట్ దగ్గర మొదలవుతుంది. జావాతో వచ్చే నమ్మకపు జాబితాలో ఆ రూట్ ఉండదు, గొలుసంతా సరిచూడాలంటే మీరే తెచ్చి చేర్చాలి. 2014 జూలైలో ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీకి చెందిన మధ్యంతర (రూట్ కింద ఉండే) సర్టిఫికెట్లతో గూగుల్ డొమైన్ల పేరిట అనధికారంగా సర్టిఫికెట్లు వెలువడ్డాయి, సీసీఏ వాటిని రద్దు చేసింది, క్రోమ్ కూడా ఆ రూట్‌కు కొన్ని డొమైన్ల వరకే హద్దు గీసింది. రూట్ పెద్దదైనంత మాత్రాన కళ్లు మూసుకోకూడదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. ఒకే సంస్థ సంతకాన్ని చూసే మీలాంటి పనికి ఆ ఒక్క సర్టిఫికెట్‌ను దాచుకోవడమే సులువు.

కాజీపేట_పైథాన్
దాచుకోండి, కానీ గడువు చూడటం మరవద్దు. సర్టిఫికెట్‌లోని వేళలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మన గడియారం అయిదున్నర గంటలు ముందు. పైథాన్‌లో పాత నాట్_వ్యాలిడ్_ఆఫ్టర్ టైమ్ జోన్ లేని తేదీ ఇస్తుంది. క్రిప్టోగ్రఫీ 42 నుంచి నాట్_వ్యాలిడ్_ఆఫ్టర్_యూటీసీ వచ్చింది, అదే వాడాలి. గడువు దాటిన సర్టిఫికెట్ అయితే ఫైలును తిప్పి పంపేయడమే.

మడికొండ_జావా
తేదీ సంగతి నిజం. ఆధార్ అథెంటికేషన్ ఏపీఐలో (ప్రోగ్రాములు ఆధార్‌ను అడిగే దారిలో) సెషన్ కీని, అంటే ఆ ఒక్కసారికి వాడే కీని ఎన్‌క్రిప్ట్ చేశాక, ఏ సర్టిఫికెట్ వాడామో చెప్పడానికి దాని గడువు తేదీనే ఏడాది, నెల, రోజు వరుసలో ఎనిమిది అంకెలుగా పంపాలి. మన వేళలో ఆ తేదీ తీస్తే, గడువు సాయంత్రం ఆరున్నర యూటీసీ తరవాత ఉన్నప్పుడు ఒక రోజు ఎక్కువ వస్తుంది.

కానీ తిప్పి పంపేయడం దగ్గర నాకు తేడా ఉంది. రైతు పోయిన నెల ఫైలు దించుకున్నాడు, అప్పటికి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఈ నెల గడువు దాటింది. అతని తప్పేమిటి? ఎక్స్‌ఎంఎల్‌లోని రెఫరెన్స్ ఐడీలో ఆధార్ చివరి నాలుగంకెల తరవాత తయారైన వేళ ఉంటుంది. ఆ వేళకు సర్టిఫికెట్ చెల్లితే చాలు.

పాత_కోడు_మనిషి
ఆ వేళను రాసేది సంతకం చేసినవారే. పాత కీ ఎప్పుడైనా బయటపడితే, దానితో పాత తేదీ వేసి ఎన్ని ఫైళ్లయినా తయారుచేయవచ్చు. వేళకు వేరే సాక్షి లేనప్పుడు దాని మీద అంత భారం వేయకూడదు. కోల్డ్ స్టోరేజీ ముందు నిలబడ్డ రైతు చేతిలో ఫోను ఉంది కదా, కొత్త ఫైలు దించుకోమంటే పోతుంది.

మడికొండ_జావా
ఫోనులో ఓటీపీ రాని రైతును మీరు చూడలేదేమో! అయినా బ్యాంకు రుణాలకైతే మీ మాటే సరి, బస్తాల నమోదుకు నా మాట సరిపోతుంది అనుకుంటాను.

ఎనుమాముల_మిర్చి
ఇద్దరి మాటా కొంచెం కొంచెం తీసుకుంటున్నాను. ఒక ఫోల్డరులో పాత, కొత్త సర్టిఫికెట్లు రెండూ ఉంచి, ఫైలు తయారైన వేళకు చెల్లే దానితో సరిచూస్తాను. ఇటీవలి ఫైలు కాకపోతే కొత్తది అడుగుతాను. ఓటీపీ రాకపోతే గుమాస్తా కార్డు చూసి చేత్తో రాసుకుంటాడు, ఆ వరుసకు సంతకం చూడలేదు అని గుర్తు పడుతుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆధార్ సంఖ్య పూర్తిగా ఉండదు కాబట్టి దాచే బెడద కూడా లేదు. రెఫరెన్స్ యూఆర్‌ఐ పరీక్ష ఈ రాత్రే చేరుస్తాను.