ఇంట్లో డబ్బుల్లేవని పిల్లలకి చెప్పాలా, దాచాలా?

దింపుతోట:

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ తన ఎనిమిదేళ్ల పాపని ముందుకి నెట్టి, "మా పిల్ల చాలా బుద్ధిమంతురాలండి, ఏదీ అడగదు" అన్నారు. ఆవిడ భర్తకి ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. పాపకి ఆ సంగతి చెప్పలేదట. "పసిపిల్ల, దానికెందుకండి ఆ బాధ" అన్నారు. సరిగ్గా ఈ మాటే మా అమ్మ నా గురించి ఊరంతా చెప్పేది. వినగానే కడుపులో దేవినట్టయింది.

నా మటుకు నేను చెప్పాలనే అంటాను. ఎందుకో రాస్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

మాది కోనసీమలో ముమ్మిడివరం వైపు. ఎనభై సెంట్ల కొబ్బరితోట, 54 చెట్లు. రెండు నెలలకోసారి దింపు, అంటే కాయలు కోయించడం. దింపు డబ్బులొస్తే కిరాణా బాకీ తీరేది, నాకు రిబ్బన్లు వచ్చేవి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. తెల్లారి లేచేసరికి ఏడు చెట్లు నిలబడి ఉన్నాయి. వాటికీ మొవ్వులు మెలితిరిగిపోయాయి. దీపావళి ఇంకా మూడు నాలుగు రోజులుంది. ఆ ఏడాది మా పక్క ఎవరింట్లోనూ మతాబు వెలగలేదు. అందుకే మాకు లేదన్న సంగతి అప్పుడు నాకు తెలియలేదు. అందరికీ పోయినప్పుడు అది లేమిలా అనిపించదు, వాతావరణంలా ఉంటుంది.

తెలిసింది మరుసటేడు కార్తీకంలో. నాగుల చవితికి అమ్మ నా చేతిలో డబ్బులు పెట్టి, "కొట్టుకెళ్లి కొబ్బరికాయ పట్రా" అంది. కోనసీమ బయటివాళ్లకి ఈ మాట బరువు తెలియదు. మా ఇంట్లో కాయలు గోడ వారన కుప్పగా ఉండేవి. వచ్చిన చుట్టానికి వెళ్లేటప్పుడు రెండు కాయలు చేతిలో పెట్టడం మర్యాద. కొబ్బరికాయ కొనుక్కోవడం అంటే గోదారి ఒడ్డున కూర్చుని నీళ్లు కొనుక్కోవడమే. కొట్టాయన కాయ తీసి చెవి దగ్గర ఊపి నాకిచ్చాడు. నా మొహం చూసి తల తిప్పుకున్నాడు. నేను దాన్ని పరికిణీలో దాచుకుని, కాలవ గట్టు మీద నుంచి కాకుండా దొడ్డిదారిన ఇంటికొచ్చాను. నాకప్పుడు పదేళ్లు.

అమ్మ ఏమీ చెప్పలేదు. నేను ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి ఇంక ఏదీ అడగలేదు.

ఆ సంక్రాంతికి మేనత్తతో బస్సులో వెళ్తుంటే అంబాజీపేట దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఎవరిదో కళ్లంలో నాన్న. నేలలో పాతిన ఇనుప గునపానికి కాయ గుచ్చి డొక్క, అంటే పైన పీచు, ఒలుస్తున్నారు. ఒలుపు పనివాళ్లని పెట్టించుకున్న మనిషి, వెయ్యి కాయలకింత అని కూలికి ఒలుస్తున్నారు. మాకు చెప్పింది "మార్కెట్లో పని" అని. రాత్రి ఇంటికొచ్చి చింతపండుతో చేతులు ఎందుకు రుద్దుకునేవారో అప్పుడర్థమైంది. డొక్క పసరు మరకలవి. నాకు కడుపులో తిప్పి తల దించేశాను. అత్త "దీనికి బస్సు పడదే" అంది.

ఆ మాట నాకు బాగా ఉపయోగపడింది. నెల తిరక్కుండా స్కూల్లో ధవళేశ్వరం ఆనకట్ట చూపిస్తాం, నలభై రూపాయలు తెమ్మన్నారు. నేను లేచి "నాకు బస్సు పడదండి" అన్నాను. ఇంట్లోనూ అదే చెప్పాను. ఇప్పటికీ నేను ఊరొచ్చి తిరిగి బస్సెక్కుతుంటే అమ్మ నిమ్మకాయ చేతిలో పెడుతుంది.

పెద్దవాళ్లు దాచిన సంగతి పిల్లలకి తెలిసిపోతుంది. తెలిసిందన్న సంగతి పిల్లలు దాచేస్తారు. అంతా ఒకే గదిలో పడుకుని ఒకళ్ల దగ్గర ఒకళ్లు దాచుకోవడమే ఇది. మీరేమంటారు?

కౌలుబిడ్డ:

దింపుతోట గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలా కూర్చున్నానండి. కానీ నేను ఒప్పుకోలేను. మా ఇంట్లో ఏదీ దాచలేదు. దాచి ఉంటే బాగుండేదని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను.

మాది తణుకు దగ్గర. నాన్న నాలుగెకరాలు కౌలుకి చేసేవారు. రెండు పంటలకీ కలిపి ఎకరానికి 25 బస్తాల ధాన్యం మక్తా, అంటే ఆసామికి ఇచ్చే కౌలు. బస్తా అంటే 75 కిలోలు. పండినా, పండకపోయినా కొలవాల్సిందే. పొలం పాస్‌బుక్ ఆసామి పేరున, అంటే భూమి సొంతదారు పేరున, ఉంటుంది కాబట్టి బ్యాంకు అప్పు ఆసామికే దొరికేది. కౌలుదార్లకి రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది 2011లో. అంతకుముందు మాలాంటి వాళ్లకి ధాన్యం కమీషన్‌దారే బ్యాంకు. నూటికి మూడు రూపాయల వడ్డీ, పైగా ధాన్యం ఆయనకే వెయ్యాలి.

ఇవన్నీ నాకు ఎనిమిదో ఏటికే నోటికొచ్చు. నాన్న రాత్రి అన్నం ముందు కూర్చుని గట్టిగా లెక్క చెప్పేవారు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఎంత తెచ్చాం, ఎంత మిగిలింది, ఎవరు గుమ్మంలోకి వస్తారు. "నీక్కూడా తెలియాలిరా" అనేవారు. ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ వినేది పసివాడు.

కార్తీకంలో కోత కోసి పనలు చేలో ఉండగా వాన పడేది. బళ్లో పిల్లలంతా సెలవిస్తారని గంతులేసేవారు. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడి లెక్కేసేవాణ్ణి. ఇంకో రోజు పడితే కంకి మీదే మొలకొస్తుంది, మొలకొస్తే బస్తాకి ఇంత తరుగు తీస్తారు, అప్పుడు మక్తా ఎలా కొలుస్తాం. తొమ్మిదేళ్లు నాకు. ఇప్పుడు మంచి ఉద్యోగం, సొంత ఇల్లు. హైదరాబాదులో వాన మొదలైతే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. మా ఆవిడ పకోడీలు వేస్తానంటుంది.

మీరు చూసింది మీ నాన్నగారి చేతుల మీద మరక. మా నాన్న ఆ మరకని నా చేతులకి కూడా పూశారు. నా పిల్లలకి నేను చెప్పను.

లంకబడి:

నేను లంక గ్రామంలో టీచర్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. మీరిద్దరూ ఇంటి గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఈ సంగతి ముందు చెప్పేది ఇల్లు కాదండి, బయటివాళ్లు.

గవర్నమెంటు ఉద్యోగం రాకముందు ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను. నెలాఖరుకి ఆఫీసు నుంచి చీటీ వచ్చేది. ఆ పేర్లు చదివి ఫీజు కట్టనివాళ్లని బయట నిలబెట్టాలి. నేను చదివాను. ఏడో తరగతి కుర్రాడొకడు తన పేరు వచ్చేలోపే లేచి, పుస్తకం తీసుకుని తనంతట తాను బయటికెళ్లి నిలబడ్డాడు. తలుపు దగ్గరగా, పాఠం వినబడేలా. వాడింట్లో "కట్టేశాం నాన్నా" అని చెప్పారని తర్వాత తెలిసింది. వాడి పేరు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ చీటీ చదివినందుకు నన్ను నేను క్షమించుకోలేదు కూడా.

ఇప్పుడు మా బళ్లో పరిస్థితి వేరు. 2020 జనవరిలో అమ్మ ఒడి కింద తల్లి ఖాతాలో పదిహేను వేలు పడ్డప్పటి నుంచీ పథకం డబ్బులు ఎవరికి పడ్డాయో, ఎవరి పేరు లిస్టులో ఎగిరిపోయిందో మూడో తరగతి పిల్లలు కూడా గట్టిగా చెప్పుకుంటారు. సిగ్గు లేదు, గుసగుస లేదు. ఇది మంచికే వచ్చిందని నేననుకుంటాను. ఇంట్లోవాళ్లు ముందే రెండు ముక్కలు చెప్పి పంపితే, బయటివాడు చెప్పినప్పుడు పిల్లాడు కింద పడిపోడు. నా ఓటు చెప్పడానికే.

మస్కట్‌నుంచి:

నేను ఎప్పుడూ చదవడమేగానీ రాయలేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మాది రాజోలు వైపు. ఇక్కడ ఇంటిపని చేస్తాను. అబ్బాయి ఆరో క్లాసు, మా అమ్మ దగ్గరుంటాడు. వాడికి షాపులో పని అని చెప్పాను. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు ఏడాదిన్నర జీతం తినేసింది. అది వాడికి తెలీదు. సెలవు రోజున మాల్‌లో దిగిన ఫొటోలు పంపుతాను. వాడు వాటిని క్లాసులో చూపిస్తాడు. ఇప్పుడు గేర్ల సైకిల్ కావాలన్నాడు. ఇంకా నాలుగు నెలలాగు అన్నాను. "నువ్వు మస్కట్‌లో ఉండి కూడా సైకిల్ కొనలేవా" అన్నాడు. వాడి తప్పు లేదు, నేనే అలా చూపించాను కదా.

మీరు లేదని తెలిసి బాధపడ్డారు. మావాడు ఉందనుకుని బాధపడుతున్నాడు. ఇవ్వట్లేదని నా మీద కోపం. చెబితే కోపం పోతుందేమో, కానీ అమ్మ వేరేవాళ్లింట్లో గిన్నెలు తోముతోందని వాడు మనసులో మోస్తాడు. ఏది చెయ్యమంటారు?

దింపుతోట:

అక్కా, మీకు జవాబు రాసేముందు కౌలుబిడ్డ గారికి ఒక మాట.

మీ నాన్నగారు చేసినదాన్ని చెప్పడం అనను నేను. ఆయనకి ఎవరితోనైనా చెప్పుకోవాలి, ఎదురుగా మీరున్నారు. ఏ వడ్డీ ఎంతో, ఎవరు గుమ్మంలోకి వస్తారో పిల్లవాడికి అక్కర్లేదు. "ఈ ఏడాది పంట సరిగా రాలేదు, కొత్త బట్టలు ఉండవు, బడి మాత్రం ఆగదు, మిగతాది నేను చూసుకుంటాను" అంటే చాలు. ఆ చివరి ముక్క మీకు దొరకలేదు. నాకు మొదటి ముక్కే దొరకలేదు.

నాకు ఎవరూ హద్దు గీసి చెప్పలేదు కాబట్టి హద్దు నేనే గీసుకున్నాను. ఎక్కడ గీసుకున్నానో చూడండి. మూడో ముద్ద కూర వేసుకునేదాన్ని కాదు. పెన్సిలు వేళ్లకి అందనంతదాకా అరగదీసి రాసేదాన్ని. జ్వరమొస్తే చెప్పేదాన్ని కాదు, మందులకవుతుందని. తుపాను తర్వాత నాన్న కొత్త మొక్కలు నాటారు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లూ నా మనసులో మేం రేపో మాపో రోడ్డున పడబోతున్నాం. అది నిజమేనా అని అడగడానికి మనిషి లేడు.

అక్కా, అబ్బాయికి చెప్పండి. ఒకేసారి అన్నీ వద్దు. అప్పు ఉంది, తీరుస్తున్నాను, ఫలానా నెలకి తీరుతుంది, తర్వాత సైకిల్ అని చెప్పండి. నెల పేరు చెప్పండి. పిల్లలు నెలలు బాగా లెక్కపెడతారు. పని సంగతి ఎప్పుడు చెప్పాలో మీకే తెలుస్తుంది.

కౌలుబిడ్డ:

"మిగతాది నేను చూసుకుంటాను" అన్న మాట దగ్గర ఆగిపోయానండి. నిజమే, ఆ మాట మా నాన్న అనలేదు. అనడానికి ఆయనకి ధైర్యం ఉండాలి కదా. ఆయన దగ్గర అదీ లేదు. అందుకే నేను పూర్తిగా మీ వైపు రాలేను. హద్దు గీసి చెప్పగలిగిన తల్లిదండ్రులకి మీ సలహా పనికొస్తుంది. చేతనవని వాళ్లు మాట్లాడకుండా ఉండటమే పిల్లలకి మేలు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు ఊహించుకున్నంత లేమి ఇంట్లో నిజంగా ఉండేదా? మీ అమ్మగారిని ఎప్పుడైనా అడిగారా? ఇన్నేళ్లూ మీరు కూడా దాస్తూనే ఉన్నారు కదండి.

దింపుతోట:

కౌలుబిడ్డ గారూ, మీ ప్రశ్న రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఇవాళ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను.

నాన్న పోయి ఆరేళ్లయింది. కళ్లంలో చూసిన సంగతి ఎత్తలేకపోయాను. ధవళేశ్వరం సంగతి ఎత్తాను. "అమ్మా, నాకు బస్సు పడకపోవడం అబద్ధం. ఇంట్లో నలభై రూపాయలు ఉండవని అలా చెప్పాను" అన్నాను.

అటునుంచి చాలాసేపు మాట లేదు. టీవీ చప్పుడు వినబడుతోంది. తర్వాత అంది, "ఉన్నాయి కదే అమ్మలూ. మీ స్కూల్లో తీసుకెళ్తున్నారని పక్కింటి పిల్ల చెప్పింది. పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద పెట్టాను. నువ్వొచ్చి అడుగుతావని రెండు రోజులు చూశాను. బస్సు పడదన్నావు కదా అని..."

"వాటితో ఏం చేశావమ్మా?"

"నాన్నకి చెప్పులు కొన్నాను."

ఆ చెప్పులు నాకు గుర్తున్నాయి. నీలం పట్టీలవి.