సముద్రం పక్కన సీనియర్ ఓపెన్: లింక్స్ కోర్సులో నేరుగా చూసినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

విశాఖ_వనజ
అందరికీ నమస్తే. మా నాన్నగారికి 66 ఏళ్ళు. నేవీలో ఉన్నప్పుడు వైజాగ్‌లో గోల్ఫ్ అలవాటైంది. రిటైరయ్యాక కూడా వారానికి మూడు రోజులు ఆడతారు. జూలైలో మా దగ్గరికి, బర్మింగ్‌హామ్‌కి వస్తున్నారు. ఆయనకి ఒకటే కోరిక. యాభై దాటిన ప్రొఫెషనల్స్ ఆడే సీనియర్ ఓపెన్‌ని లింక్స్ కోర్సు (సముద్రం ఒడ్డున ఇసుక నేల మీద ఉండే గోల్ఫ్ కోర్సు) మీద ఒక్కసారి కళ్ళారా చూడాలట. నాకు ఆట అంతగా తెలియదు. ఈసారి కుదరకపోతే మరో ఏడాది తీసుకెళ్తాను. వెళ్ళి చూసినవాళ్ళు ఎలా ఉంటుందో, ఎక్కడ నిలబడాలో, ఏం తీసుకెళ్ళాలో కొంచెం వివరంగా రాయండి.

తాటిచెట్ల_పాలెం
ముందు ఒక్క మాట. ఇది ఏటా లింక్స్ మీదే జరగదు, వేదిక మారుతుంటుంది. 2025లో ఐర్లండ్ ఆటగాడు హారింగ్టన్ గెలిచింది సన్నింగ్‌డేల్‌లో. అది లండన్ దగ్గర, సముద్రానికి దూరంగా, చెట్ల మధ్య ఉండే కోర్సు. 2022లో డారెన్ క్లార్క్ గెలిచిన గ్లెన్ఈగల్స్ కూడా సముద్రం ఒడ్డున లేదు. టికెట్ కొనేముందు ఆ ఏడాది వేదిక చూసుకోండి, లేకపోతే నాన్నగారు నిరాశ పడతారు.

స్వాన్సీ_డాక్టర్
వనజ గారూ, నేను 2023లో ఇక్కడ వేల్స్‌లోని పోర్త్‌కాల్ వెళ్ళాను. మా ఇంటి నుంచి కారులో దగ్గరే. ఆదివారం, ఆఖరి రౌండ్. ఆ రోజు నేను ఎప్పటికీ మర్చిపోలేను.

రాయల్ పోర్త్‌కాల్‌లో ఎక్కడ నిలబడ్డా సముద్రం కనిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, సముద్రం కనిపిస్తోందంటే గాలికి అడ్డం ఏమీ లేదనే అర్థం. పెద్ద ఇసుక దిబ్బలు లేవు, చెట్లు లేవు. పొద్దున్నే వాన మొదలైంది. మన వానలా పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. పది నిమిషాల్లో నా గొడుగు తిరగబడి ఊచలు విరిగాయి. ఇంక దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాను.

ఒక పార్ 4 హోల్ (నాలుగు స్ట్రోకుల్లో, అంటే నాలుగు దెబ్బల్లో, ముగించాల్సింది) దగ్గర తాడుకి ఇవతల, ఆటగాడికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) పెద్ద దూరమేం కాదు, మామూలు రోజైతే షార్ట్ ఐరన్, అంటే తక్కువ దూరానికి వాడే క్లబ్, చాలు. ఆయన చాలా పొడుగు క్లబ్ (బంతిని కొట్టే కర్ర) తీశాడు. బంతిని వెనక కాలి వైపు పెట్టుకుని, చేతుల్ని నడుము పైకి పోనివ్వకుండా సగం స్వింగ్ వేశాడు. బంతి నా తలకంటే ఎత్తు లేచిందో లేదో, గ్రీన్‌కి చాలా ముందే నేలని తాకి, గెంతుకుంటూ, దొర్లుకుంటూ ఎక్కింది. క్యాడీ (ఆటగాడి బ్యాగ్ మోసే సహాయకుడు) అంతసేపూ టవల్‌ని తన జాకెట్ లోపల దాచి ఉంచాడు, గ్రిప్ తుడవడానికి ఆ ఒక్కటే పొడిగా మిగిలింది కాబట్టి.

ఆఖరికి అలెక్స్ చెయ్కా, హారింగ్టన్ ఇద్దరూ నాలుగు రౌండ్లకి పార్ కంటే 5 ఎక్కువతో సమానమయ్యారు. ప్లేఆఫ్‌లో, అంటే విజేతని తేల్చడానికి ఆడే అదనపు హోల్స్‌లో, రెండో హోల్‌కి చెయ్కా గెలిచాడు. అదే కోర్సులో 2014లో బెర్న్‌హార్డ్ లాంగర్ పార్ కంటే 18 తక్కువకి ఆడి గెలిచాడు. ఆ కోర్సే, ఆ గ్రీన్లే. మధ్యలో తేడా 23 స్ట్రోకులు! లింక్స్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు అంకెలే చెప్తాను.

కూకట్‌పల్లి_పార్3
డాక్టర్ గారూ, గౌరవంతోనే చిన్న అభ్యంతరం. అంతా గాలి మీదకి తోసేస్తే లాంగర్‌కి అన్యాయం చేసినట్టే. 2014లో రెండో స్థానంలో ఉన్న మాంట్‌గోమరీ పార్ కంటే 5 తక్కువ. అంటే అదే వారం, అదే వాతావరణంలో లాంగర్ 13 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 56. ఈ పోటీని నాలుగుసార్లు గెలిచింది ఆయనొక్కడే: 2010 కార్నూస్టీ, 2014, 2017 పోర్త్‌కాల్, 2019 రాయల్ లిథమ్. నాలుగూ లింక్స్ కోర్సులే.

స్వాన్సీ_డాక్టర్
ఒప్పుకుంటున్నాను. నేను అన్నది స్కోరు గురించి, మీరన్నది మనిషి గురించి. రెండూ నిజమే.

డండీ_రాజు
నాది స్కాట్లాండ్‌లో 2024 కార్నూస్టీ అనుభవం. వనజ గారూ, పెద్దవాళ్ళతో వెళ్ళడానికి ఇంతకంటే వీలైన లింక్స్ నాకు తెలిసి లేదు. ఎందుకంటే రైలు దిగితే కోర్సు పక్కనే. డండీ నుంచి కొద్ది నిమిషాల ప్రయాణం, పార్కింగ్ టెన్షన్ ఉండదు.

కోర్సు చూడగానే మా ఆవిడ "ఇదేంటి, ఎండిపోయిన పొలంలా ఉంది" అంది. పచ్చటి తివాచీ ఊహించుకుని వెళ్తే అలాగే అనిపిస్తుంది. సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల అది. పైరు పండదు కాబట్టి గొర్రెల మేతకి, ఆటకి వదిలేశారు. దాని మీద సన్నటి ఫెస్క్యూ గడ్డి. ఇసుక కాబట్టి వాన నీళ్ళు నిలవవు, నేల గట్టిగా ఉంటుంది. బంతి పడ్డచోట ఆగదు.

బంకర్లు (ఇసుక గుంటలు) దగ్గరికెళ్ళి చూపించండి. టీవీలో గుంటలా కనిపిస్తాయి అంతే. నిజానికి కొన్నింటి గోడ మనిషి భుజం దాకా ఉంటుంది. పచ్చిక చెక్కల్ని ఇటుకల్లా వరస మీద వరస పేర్చి కట్టిన గోడ, అంచు దగ్గర ఆ పొరల్ని వేలితో లెక్కపెట్టొచ్చు. గోడకి ఆనుకుని బంతి పడితే ముందుకి కొట్టే దారే ఉండదు. ఒకాయన గ్రీన్‌కి వీపు పెట్టి వెనక్కి కొట్టుకున్నాడు. చుట్టూ ఉన్న స్కాటిష్ పెద్దాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక్కి కొట్టినందుకు! ఆ నిర్ణయం ఎంత సరైనదో వాళ్ళకి తెలుసు. నాకు ఆ చప్పట్లు భలే నచ్చాయి.

ఆ ఏడాది గెలిచింది కె.జె. చోయ్, కొరియా నుంచి ఈ పోటీ గెలిచిన మొదటి ఆటగాడు. వాండో అనే దీవిలో వరి రైతు కొడుకు. చిన్నప్పుడు బరువులెత్తేవాడట. 54 ఏళ్ళ వయసులో 17, 18 హోల్స్ దగ్గర బ్యారీ బర్న్ వాగు దాటుకుంటూ వస్తుంటే నా గుండె దడదడలాడింది. ఆ వాగే 1999లో, అన్ని వయసులవాళ్ళూ ఆడే అసలు ఓపెన్‌లో, ఆఖరి హోల్ దగ్గర ముందున్న వాన్ డి వెల్డ్‌ని ముంచింది. 2007లో హారింగ్టన్ 18వ హోల్‌లో రెండు బంతులు అందులోనే వేసి, అయినా ప్లేఆఫ్‌లో ఓపెన్ గెలిచాడు. ఇవన్నీ తెలిసినవాళ్ళకి అక్కడ మాట పెగలదు. గెలిచినవాడికి మరుసటి ఏడాది అసలు ఓపెన్‌లో ఆడే అవకాశం వస్తుంది. చోయ్ అలాగే 2025లో పోర్ట్‌రష్‌లో ఆడాడు.

వాల్తేరు_బ్యాగ్
నేను వైజాగ్‌లోనే ఆడతాను, బహుశా నాన్నగారికి తెలిసే ఉంటాను. మనకీ సముద్రం గాలి ఉంది కానీ ఎర్ర నేల, బెర్ముడా గడ్డి. బంతి ఎత్తుగా లేపి దించడం అలవాటు. నేను స్కాట్లాండ్‌లో ఒక చిన్న ఊరి లింక్స్‌లో ఒకే ఒక్క రౌండ్ ఆడాను. ఎత్తుగా లేపిన ప్రతి బంతినీ గాలి పక్కకి లాక్కుపోయింది. ఏడో హోల్ దగ్గర మాతో ఆడుతున్న స్థానికుడు, డెబ్బై దాటిన పెద్దాయన, గ్రీన్‌కి ముప్పై గజాల ఇవతల నా చేతిలోంచి వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) తీసుకుని పట్టర్ (బంతిని నేల మీద దొర్లించే క్లబ్) ఇచ్చారు. అక్కణ్ణించి పట్ చేస్తే హోల్‌కి జానెడు దూరంలో ఆగింది. అప్పుడు అర్థమైంది, వయసైన ఆటగాళ్ళకి ఈ నేల ఎందుకంత కలిసొస్తుందో. బంతిని ఎంత దూరం కొట్టగలవనేదానికంటే, ఎక్కడ దింపితే ఎటు దొర్లుతుందో తెలియడం ఇక్కడ ముఖ్యం.

మెహదీపట్నం_మూర్తి
బ్యాగ్ అన్నా, ఆ మాటకి సాక్ష్యం అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్. నేను నేరుగా చూడలేదు, టీవీలో చూసిందే. 1977లో స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీ లింక్స్‌లో ఓపెన్ గెలిచాడు. 2003లో అక్కడే సీనియర్ ఓపెన్ గెలిచాడు, కార్ల్ మేసన్ ఆఖరి హోల్‌లో రెండు స్ట్రోకుల ఆధిక్యం పోగొట్టుకుంటే ప్లేఆఫ్‌లో. 2005, 2007ల్లో మళ్ళీ గెలిచాడు. ఇక 2009లో, 59 ఏళ్ళ వయసులో, అదే టర్న్‌బెర్రీలో కుర్రాళ్ళతో అసలు ఓపెన్‌లో ఆడి 72వ, అంటే ఆఖరి హోల్ దాకా ముందున్నాడు. 8 ఐరన్‌తో కొట్టిన షాట్ చక్కగా వెళ్ళింది. కానీ ఆ గట్టి నేల మీద బంతి ఆగలేదు, గ్రీన్ దాటి వెనక్కి పోయింది. పార్ పట్ మిస్సయింది. ప్లేఆఫ్‌లో స్టీవర్ట్ సింక్ గెలిచాడు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ఆపేశాక మా నాన్న, నేను చాలాసేపు మాట్లాడుకోలేదు. మా నాన్నకి అప్పుడు సరిగ్గా అదే వయసు.

మనవాళ్ళ మాట కూడా ఒకటి. జీవ్ మిల్ఖా సింగ్ 2012లో స్కాటిష్ ఓపెన్ గెలిచింది కాసిల్ స్టువర్ట్ లింక్స్ మీదే, మొలినారితో ప్లేఆఫ్‌లో. ఆయనకీ ఇప్పుడు యాభై దాటాయి.

విశాఖ_వనజ
ఒక్కొక్కరికీ పేరుపేరునా థాంక్స్. అన్నీ నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. వాట్సన్ దగ్గరకొచ్చేసరికి, "ఆ 8 ఐరన్ నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది" అన్నారు. ఒక్కటే సందేహం. ఆయనకి మోకాళ్ళ నొప్పి. పద్దెనిమిది హోల్స్ వెంట తిరగలేరు.

డండీ_రాజు
తిరగక్కర్లేదండీ. పొద్దున్నే గేట్లు తెరవగానే వెళ్ళి ముందు ప్రాక్టీస్ రేంజ్ దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి. అక్కడ అందరినీ దగ్గరగా చూడొచ్చు. తర్వాత ఒక పార్ 3 గ్రీన్ వెనక చోటు చూసుకుంటే ఆటగాళ్ళంతా వరసగా వాళ్ళే వస్తారు. సాయంత్రం 18 దగ్గరికి చేరండి. మడత కుర్చీ అనుమతిస్తారో లేదో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకోండి.

స్వాన్సీ_డాక్టర్
జూలై కదా అని స్వెటర్ వదిలేయొద్దు. పైన వాన జాకెట్, కింద వాన ప్యాంటు, చెవులు కప్పే ఉన్ని టోపీ. ఒక జత పొడి సాక్సులు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టుకోండి. గొడుగు మాత్రం ఇంట్లోనే ఉంచండి. మోకాలికి బిగుతు పట్టీ వేసుకుని, నడిచేటప్పుడు దిబ్బల మీదనుంచి కాకుండా వేసిన దారి మీదనే రమ్మనండి. ఆ పొడుగు గడ్డి కింద గుంటలు కనిపించవు.

వాల్తేరు_బ్యాగ్
నాన్నగారు బయల్దేరే ముందు ఒకసారి క్లబ్‌లో కలవమనండి. గ్రీన్ బయటనుంచి పట్టర్‌తో కొట్టడం ఇద్దరం ప్రాక్టీస్ చేస్తాం. అక్కడ ఊరి లింక్స్‌లో ఒక రౌండ్ దొరికితే పనికొస్తుంది.