మంచు కరిగిపోతే కెనడా వాదన నిలబడుతుందా?

అంతర్జాతీయ చట్టం తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. కెనడా ఉత్తరాన ఆర్కిటిక్ దీవుల మధ్యగా అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను కలిపే దారి నార్త్‌వెస్ట్ పాసేజ్. అది తమ అంతర్గత జలాలని, అంటే తమ అనుమతి ఉంటేనే దాటాలని కెనడా అంటుంది, కాదు అది ఏ దేశపు ఓడలైనా దాటగలిగే అంతర్జాతీయ జలసంధి అని అమెరికా. 1985లో అమెరికా ఐస్‌బ్రేకర్ (మంచును పగలగొట్టుకుంటూ వెళ్లే ఓడ) పోలార్ సీ అనుమతి అడక్కుండానే దాటేయడంతో పెద్ద గొడవై, చివరికి 1988లో ఒప్పందం కుదిరింది: అమెరికా ఐస్‌బ్రేకర్లు వెళ్లాలంటే కెనడా సమ్మతి తీసుకోవాలి, కానీ ఎవరి వాదన వాళ్లదే. నాకైతే ఇది సగం పరిష్కారమే.

అసలు సందేహం ఇది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలోని 234వ అధికరణం కాలుష్యం ఆపడానికి ఇచ్చే ప్రత్యేక హక్కులు, ఏడాదిలో ఎక్కువ కాలం మంచు కప్పి ఉండే ప్రాంతాలకే కదా, మరి ఆ మంచే తగ్గిపోతే? తరతరాలుగా ఆ మంచు మీద వేటాడి బతికిన అక్కడి ఆదివాసులైన ఇన్యూయిట్ ప్రజల వాడకం అప్పుడు చట్టపరంగా ఎంతవరకు నిలుస్తుంది? నా దృష్టిలో కెనడాకున్న బలమైన ఆధారం అదే. దీనికి దగ్గరగా వచ్చే కోర్టు తీర్పులేమైనా ఉంటే దయచేసి చెప్పండి.