గతం తెలియని వీధికుక్కకు టీకాలు: ఏది ముందు, ఏది వెనక?

పెరటి_కాపలా:
ఆడకుక్క, ఏడాది వయసుంటుందేమో. ఇంట్లోకి తీసుకుంటున్నాం. కాగితాలేమీ లేవు. ఒక చెవి కొన కత్తిరించి ఉంది, అంటే ఎవరో ఎప్పుడో పట్టించుకున్నట్టే. ఉన్న టీకా మీద మళ్ళీ టీకా పడితే ప్రమాదమా? నట్టల మందు ముందు వేయాలా, టీకానా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కాంపౌండర్_బాబాయ్:
కాగితం లేకపోతే టీకా పడలేదనే లెక్క. రెండోసారి పడితే నష్టమేమీ లేదు. ఒంట్లో ఇదివరకే రక్షణ ఉంటే అది కొత్త టీకాలోని వైరస్‌ను అక్కడికక్కడే అణిచేస్తుంది, అంతే.

చెవి కొన కోసి ఉండడం పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. ఆ రోజే రేబిస్ సూది కూడా వేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. కానీ అది ఏ ఏడాది సంగతో చెవి చెప్పదు కదా. పార్వో, డిస్టెంపర్ (కుక్కల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) గురించి అసలే చెప్పదు. చర్మం కింద గుర్తింపు చిప్ ఉందేమో ఒకసారి స్కానర్ పెట్టించండి. చిప్ భుజాల మధ్య వేస్తారు గానీ కొన్నాళ్ళకు మోచేతి వైపు జారుతుంది, అందుకని మెడ నుంచి ముందుకాళ్ళ దాకా స్కానర్ తిప్పమనండి.

పెద్ద కుక్కకు వరస ఇది. మొదటి రోజు డిస్టెంపర్, అడినో (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్), పార్వో కలిసిన సూది, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రంతో అంటే బ్యాక్టీరియా జబ్బు, పొట్టిగా లెప్టో), రేబిస్. మళ్ళీ 2 నుంచి 4 వారాల్లో కలిపిన సూది, లెప్టో. రేబిస్ ఒక్క డోసుతో సరిపెట్టే చోట్లున్నాయి. జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మాత్రం 2–4 వారాలకు రెండోది కూడా వేయాలని డబ్ల్యూఎస్‌ఏవీఏ (పెంపుడు జంతువుల డాక్టర్ల ప్రపంచ సంఘం) మార్గదర్శకాలు చెబుతాయి. వీధికుక్క విషయంలో నా ఓటు రెండు డోసులకే. ఏడాదికి అన్నిటికీ బూస్టర్. ఆ తర్వాత లెప్టో ఏటేటా, కలిపిన సూది మూడేళ్ళకోసారి చాలు, రేబిస్ సీసా మీద రాసినట్టు, మీ చోటి చట్టం చెప్పినట్టు.

వెన్నెల_నీడ:
బాబాయ్ చెప్పింది పెద్ద కుక్కకు. ఏడాది అని మీరు ఎలా అనుకున్నారో గానీ, ముందు నోరు తెరిచి చూడండి. పాలపళ్ళు 28, సూదుల్లా సన్నగా ఉంటాయి. మూడున్నర, నాలుగు నెలలకు ముందుపళ్ళు ఊడడం మొదలై, ఏడో నెలకల్లా 42 పెద్ద పళ్ళూ వచ్చేస్తాయి. బక్కచిక్కిన పిల్లను చూసి వయసు తక్కువ అంచనా వేయడం, గుబురు బొచ్చు చూసి ఎక్కువ వేయడం రెండూ మామూలే.

కుక్కపిల్ల అయితే లెక్క మారిపోతుంది. తల్లిపాలతో వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ తేడా. అందుకే 2–4 వారాలకొకటి చొప్పున వేస్తూ 16 వారాలు దాటాక ఇంకొకటి పడేలా చూస్తారు, 6 నెలలప్పుడు మరొకటి. ‘మూడు సూదులయ్యాయి’ అన్న లెక్క పనికిరాదు. ఆఖరిది ఏ వయసులో పడిందన్నదే అడగాలి.

తోక_సిగ్నల్:
ముందు నట్టల మందు వేసి, పది రోజులు బలమైన తిండి పెట్టి, అప్పుడు టీకా వేయించడం మంచిదంటారు కదండీ?

కాంపౌండర్_బాబాయ్:
అంటారు. ఆ పది రోజుల్లోనే పార్వో అంటుకుంటే? రెండూ ఒకే రోజు వేయొచ్చు. తూకం చూసి వేయండి. ఫెన్‌బెండజోల్ అయితే కిలోకు 50 మి.గ్రా. చొప్పున మూడు రోజులు, పైరాంటెల్ అయితే కిలోకు 5 మి.గ్రా., రెండు మూడు వారాలకు మళ్ళీ. చాలామంది ఆ రెండోసారి మర్చిపోతారు. మలంలో బియ్యపుగింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అది బద్దెపురుగు, దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి.

టీకా ఆపాల్సింది నిజంగా జబ్బుగా ఉన్నప్పుడు. మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 103 దాటితే ఆగి, కారణం వెతకాలి. పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. తెల్లబారి ఉన్నా, చెవుల్లో వేళ్ళసందుల్లో పిడుదులు గుత్తులుగా ఉన్నా, రక్తం తీయించి పిడుదు జ్వరం ఉందేమో చూపించాలి. కాస్త గజ్జి, కాస్త సన్నదనం ఉన్నంత మాత్రాన ఆపక్కర్లేదు. కడుపుతో ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, బతికున్న వైరస్ టీకాలను వీలైనంతవరకు అప్పుడు వేయరు. చెవి కోసి ఉంది కాబట్టి మీకు ఆ బెంగ తక్కువ.

సూదిమొన:
విరేచనాలు ఏమాత్రం ఉన్నా పార్వో పరీక్ష టీకాకు ముందే చేయించండి. టీకాలోని వైరస్ కొన్ని రోజులపాటు మలంలో బయటికి వస్తుంది, అప్పుడు పరీక్ష చేస్తే జబ్బు లేకపోయినా పరీక్ష పట్టీ మీద సన్నటి గీత పడి అందరినీ కంగారు పెడుతుంది.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే 14 రోజులు విడిగా ఉంచాలి. గిన్నెలు, పక్క, చెప్పులు కూడా వేరు. ఫినాయిలుతో కడిగి నిశ్చింతగా ఉండకండి, పార్వో దానికి చావదు. ముందు సబ్బుతో మురికి పోగొట్టి, ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ బలం ఆ మురికితోనే సరి.

ఇక టీకా ఎందుకు ‘పట్టదు’ అనే సంగతి. సగం తప్పు ఫ్రిజ్‌లోనే ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రేబిస్, లెప్టో లాంటివి గడ్డకట్టాయంటే పారేయడమే, కరిగాక చూపుకు బాగానే ఉంటాయి, పనిచేయవు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టినవి కూడా అనుమానమే.

కలిపిన సూదిలో రెండు సీసాలు చూస్తారు. ఒకదాని అడుగున తెల్లటి ఎండు బిళ్ళ, ఇంకోదాంట్లో ద్రవం, చాలాసార్లు ఆ ద్రవమే లెప్టో టీకా. ద్రవం తగలగానే బిళ్ళ క్షణాల్లో కరిగిపోవాలి. అంటుకుపోయి, ముడుచుకుపోయి, ఎంత తిప్పినా కరగకపోతే ఆ సీసా వద్దనండి. కలిపాక ఆలస్యం చేయకుండా వేసేయాలి. ముందే కలిపి సిరంజిలో తెచ్చినదాన్ని ఒప్పుకోవద్దు.

డోసు ఒక సీసా మొత్తం, చాలావాటికి 1 మి.లీ. ఐదు కిలోల దానికీ నలభై కిలోల దానికీ అంతే. ‘చిన్న కుక్క కదా, సగం చాలు’ అన్నారంటే టీకా పడనట్టే.

భుజం మీద చర్మాన్ని గుడారంలా పైకి లాగి, దాని మొదట్లో సూది దించుతారు. బెదిరిన కుక్క పక్కకు గుంజుకుంటే సూది అటు పక్క నుంచి బయటికి వచ్చి మందంతా బొచ్చులోకి పోతుంది. సూది తీయగానే అక్కడ వేళ్ళతో తడిమి చూడండి. తడి తగిలితే అక్కడే చెప్పాలి, ఇంటికొచ్చాక లాభం లేదు.

పెరటి_కాపలా:
చాలా ఉపయోగం. ఒక సందేహం: రేబిస్ సూది పడిన రోజు నుంచి మా ఇంట్లో చిన్నపిల్లల్ని కుక్క దగ్గరికి వెళ్ళనివ్వొచ్చా?

వెన్నెల_నీడ:
వద్దు. రక్షణ తయారు కావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతకంటే ముఖ్యం, వైరస్ ఇప్పటికే ఒంట్లో ఉంటే ఈ సూది దాన్ని ఆపుతుందన్న భరోసా లేదు. కరిచిన వారాలకు, ఒక్కోసారి నెలలకు బయటపడే జబ్బు అది. ఒంటి మీద ఎక్కడైనా కాటు మచ్చ, మానుతున్న పుండు ఉంటే డాక్టరుకు చూపించండి. గొంతు మారడం, మింగలేకపోవడం, కింది దవడ వేలాడడం, ఉన్నట్టుండి తిక్క లేదా మరీ ముడుచుకుపోవడం కనిపిస్తే చేతులు దూరం, వెంటనే ఫోన్. గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని చాలామంది పొరపాటున నోట్లో చేయి పెట్టేది సరిగ్గా ఇప్పుడే, మీరు పెట్టకండి.

కరిచినా, గీరినా సబ్బు, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి మనిషి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. కుక్కను పది రోజులు గమనిస్తారు నిజమే, అంతవరకూ మన టీకా ఆపుకుని కూర్చోకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు ముందుజాగ్రత్త టీకాలు వేయించుకుంటే ఇంకా మంచిది, మొదట ఒకటి, ఏడు రోజులకు ఇంకొకటి, మొత్తం రెండు డోసులు.

తోక_సిగ్నల్:
రక్తంలో యాంటీబాడీలు చూసి టీకా తప్పించుకోవచ్చా?

సూదిమొన:
పార్వో, డిస్టెంపర్, అడినోలకు ఆ పరీక్ష నమ్మదగిందే. లెప్టోకు దాంతో ఏమీ తేలదు. రేబిస్‌కు మి.లీ. రక్తరసానికి 0.5 ఐయూ (యాంటీబాడీలను లెక్కించే కొలమానం) అన్న కొలత ప్రయాణ కాగితాలకు పనికొస్తుంది గానీ, చట్టం అడిగే టీకాకు బదులు చెల్లదు. మీ విషయంలో పరీక్ష కంటే సూదే సులువు.

కాంపౌండర్_బాబాయ్:
సూది వేయించాక అరగంట అక్కడే కూర్చోండి. మూతి, కళ్ళచుట్టూ ఉబ్బడం, ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, కూలబడడం లాంటివి ఎక్కువగా మొదటి గంటలోనే వస్తాయి. ఒకటి రెండు రోజుల మగత, సూది చోట చిన్న గడ్డ మామూలు. మనుషుల నొప్పి బిళ్ళలు మాత్రం వేయకండి, ఐబుప్రొఫెన్ కుక్కకు విషం. సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించమనండి, బ్యాచ్ నంబరు కనపడేలా.

పెరటి_కాపలా:
రెండో డోసుకు ఊరెళ్ళాల్సి వచ్చి ఏడెనిమిది వారాలైపోతే మొత్తం మళ్ళీ మొదటికా?

కాంపౌండర్_బాబాయ్:
లెప్టో మాత్రం మొదటికే, మళ్ళీ రెండు డోసులు. మిగతావి ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే. త్వరగా కానిద్దామని రెండు వారాలలోపు మాత్రం వేయించకండి, మొదటిది రెండోదాన్ని పనిచేయనివ్వదు.