చెమ్మా, ఊటా, కారడమా? గేరుబాక్సు కింద తేలని మాట

అందరికీ నమస్కారం. పోయిన వారం కారు తీస్తే నేల మీద రూపాయి బిళ్ళంత మరక. షెడ్డుకి తీసుకెళ్ళి "కారు కారుతోంది" అన్నాను. మేస్త్రీ నవ్వి కింద దూరాడు. వేలితో తుడిచి వాసన చూశాడు. "గంధకం కంపు, గేరాయిలే. కానీ కారట్లేదండీ, చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ రబ్బరు సీలు దగ్గర ఊరుతోంది. గేరుబాక్సు అతుకు మీద ఉన్నది ఉత్త చెమ్మ, దాని జోలికి పోవద్దు" అన్నాడు.

నేను అనువాదాలు చేసి బతికేవాణ్ణి. ఈ మూడింటికీ ఇన్నాళ్ళూ "ద్రవస్రావం" అని ఒకటే రాస్తున్నాను. మీ వైపు ఏమంటారు?

*

వరంగల్ నుంచి: అన్నా, మా దిక్కు ఊరుడు బావికే. మా బాపు షెడ్డుల "చెమరుస్తున్నది" అనేటోడు. అతుకు పొంటి దుమ్ము పట్టి నల్లగ ఉంటే చెమరుడు, బొట్టు తెగి కింద పడితే కారుడు. చెమరుస్తే తుడిచి వారం చూడాలె. ఇంకో మాట, సీలు మార్చే ముందు గేరుబాక్సు పైన బ్రీదర్, అంటే గాలి పోయే సందు, చూడున్రి. అది మట్టితోని మూసుకపోతే లోపల వేడికి ఒత్తిడి పెరిగి, మంచి సీలు నుంచి సుత ఆయిలు నెట్టుకొస్తది. "దానికి ముక్కు దిబ్బడేసింది" అనేటోడు బాపు.

*

రాజమండ్రి నుంచి: మేస్త్రీ మాటే సరైందండీ. ఊట, ఊరగాయ, నోరూరడం, అన్నిట్లోనూ లోపలున్నది మెల్లగా బయటికి తేలడమే. కారడానికి పల్లం కావాలి: చొంగ, కన్నీరు, వానాకాలం పెంకుటిల్లు. ఇంకోటి మరిచారు, కక్కడం. నిండుకుండ తొణకదనే సామెత గేరుబాక్సుకి చెల్లదు. చాలా బళ్ళలో ఆయిలు, పక్కనున్న నింపే బోల్టు రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. బండి సమంగా నిలబెట్టకుండా అంతకు మించి పోశామా, బ్రీదర్ లోంచి కక్కుతుంది.

*

ఇంకొకరు: రక్తస్రావం అని అనగా లేనిది ఆయిలుకి స్రావం అంటే తప్పేమిటి?

*

రాజమండ్రి: తప్పని కాదండీ. ఎంత పోతోందో ఆ మాట చెప్పదు. చెమ్మకీ స్రావమే, ధారకీ స్రావమే.

*

వరంగల్: ఒక్క తావుల మాత్రం చెమ్మను సుత కారుడు కిందనే లెక్క పెట్టాలె. ఇంజనూ గేరుబాక్సూ కలిసేకాడ, క్లచ్ దిక్కు. క్లచ్ నుంచి గేరుబాక్సులకు పోయే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోతే ఆయిలు క్లచ్ ప్లేటుకు తగుల్తది, క్లచ్ జారుతది. ఇంజను ఎనక సీలు పోయినా ఆడనే తడి, అందుకే వాసన చూడాలె. ఈ రెంట్ల ఏ సీలైనా గేరుబాక్సు దించుడే. సీలు ధర కంటే కూలి ఎక్కువ.

*

అడిగినాయన: నాది ఆ అవస్థ కాదు, బతికిపోయాను. మొన్న దగ్గరుండి చేయించాను. ఆయిలు దించే బోల్టు ముట్టుకోకముందే నింపే బోల్టు వదులు చేసి చూశాడు. ఎందుకయ్యా అంటే, "ఇది పట్టేసి ఊడకపోతే, దించాక మళ్ళీ ఎక్కడ పోస్తారు?" అన్నాడు. షాఫ్టు లాగి, పాత సీలు పెళ్ళగించి నా చేతిలో పెట్టాడు. రబ్బరు పెదవి గోరుతో నొక్కితే వంగలేదు, చెక్కలా బిగుసుకుపోయింది. కొత్తదాని పెదవికి గేరాయిలు రాసి, చుట్టూ సమంగా తట్టుతూ కూర్చోబెట్టాడు. బోల్టు కింద వాషరూ కొత్తదే. బండి కింద అట్టముక్క పరిచి మూడు రోజులు చూశాను, మరక లేదు. అతుకు మీది చెమ్మ మాత్రం అలాగే ఉంది.

చేతిలో ఉన్న అనువాదంలో "ఊరుతుంటే తుడిచి గమనించండి, కారుతుంటే బండి నడపకండి" అని రాసి పంపాను. ఇవాళ దిద్దుబాటు వచ్చింది. రెండు చోట్లా కొట్టేసి "లీకేజీ" అని పెట్టారు.

*

వరంగల్: హహ్హ. మా బాపు సుత బిల్లు మీద లీకేజీ అనే రాసేటోడన్నా.