ప్రణాళిక లెక్కల్లో అడవికి, నీటికి చోటు ఎక్కడ?

ప్రశ్న: ఆర్థికాభివృద్ధి ప్రణాళికలు వేసేటప్పుడు పర్యావరణ నష్టాన్ని, ప్రాజెక్టు దాదాపు ఖరారయ్యాకే విడిగా అంచనా వేయడం చూస్తుంటాం. మొదటి నుంచే దాన్ని లెక్కలో కలిపే పద్ధతులు ఉన్నాయా?

జవాబు 1: ఉన్నాయి. అసలు చిక్కు స్థూల దేశీయోత్పత్తిని కొలిచే తీరులోనే ఉంది. అడవిని నరికి కలప అమ్మితే ఆ సొమ్ము ఆదాయంగా నమోదవుతుంది గానీ, వాననీటిని పట్టి ఉంచి వాగుల్లోకి మెల్లమెల్లగా వదిలే ఆస్తి తరిగిపోయిందన్న సంగతి ఎక్కడా ఖర్చుగా కనిపించదు. ఈ లోటు పూడ్చడానికే ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2012లో పర్యావరణ, ఆర్థిక లెక్కలను కలిపే ప్రామాణిక చట్రాన్ని ఆమోదించి, 2021లో దాన్ని జీవావరణ వ్యవస్థలకూ విస్తరించింది.

జవాబు 2: విలువ కట్టినంత మాత్రాన సరిపోదని నా గట్టి అభిప్రాయం. రాబోయే లాభనష్టాలను నేటి విలువకు కుదించే తగ్గింపు రేటును ఏడాదికి 5 శాతంగా వాడితే, 50 ఏళ్ల తర్వాత జరిగే 100 పాళ్ల నష్టం నేటి లెక్కలో 9 పాళ్లయినా ఉండదు. ఇంకా పుట్టని వారి నీరు, నేల అలా కాగితం మీదే కరిగిపోతాయి. ఆ రేటును ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయించారో ముసాయిదాలోనే రాయాలి.

జవాబు 3: ప్రాజెక్టు దశకు ముందే, ప్రణాళిక ముసాయిదా మీదే జరిపే వ్యూహాత్మక పర్యావరణ మదింపును కూడా పరిశీలించండి. ఐరోపా సమాఖ్య 2001లో దీనిపై నిర్దేశం జారీ చేసింది.