ఒకటో తరగతి మొదటి వారాలు: అమ్మానాన్నల్ని గేటు దగ్గరే ఆపేయడం సరైన పనేనా?

సీతమ్మధార అమ్మ (జూన్ 13, రాత్రి 10:40)

నిన్న 12న బళ్ళు తెరిచారు. మా పాపని ఒకటో తరగతిలో వేశాం. ఆరేళ్ళు నిండి రెండు నెలలైంది. యూకేజీ దాకా మా వీధి చివర చిన్న స్కూల్లో చదివింది. పదిహేనుమంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయమ్మ. ఇప్పుడు వేసింది మూడంతస్తుల పెద్ద స్కూలు. పేరు రాయను. ఇదే పద్ధతి మన విశాఖలో ఇంకా చాలా చోట్ల ఉందని విన్నాను.

మొదటి రోజు నుంచే పొద్దున్న 8:30 నుంచి 3:30 దాకా పూర్తి బడి. అమ్మానాన్నలు గేటు దాటకూడదు. నిన్న పాప నా చున్నీ పట్టుకుని వదల్లేదు. వాచ్‌మన్ ఒక్కో వేలూ విడదీసి లోపలికి తీసుకెళ్ళిపోయాడు. ఆయన్నేమీ అనను, ఆయనకి అప్పజెప్పిన పని అది.

సాయంత్రం బ్యాగు తీస్తే నీళ్ళ సీసా పొద్దున్న నేను నింపినట్టే ఉంది. ఈ ఉక్కపోతలో, ఏడు గంటలపాటు, గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఎందుకే అని అడిగితే, "తాగితే ఒకటికి వస్తుంది కదమ్మా. బాత్రూం ఎక్కడుందో నాకు తెలీదు" అంది. ఈరోజూ సీసా నిండుగానే వచ్చింది.

ఏడుపు గురించి నాకు బెంగ లేదు, అది నాలుగు రోజులకి తగ్గుతుంది. నీళ్ళు తాగకుండా కూచోవడం ఒక ఉపాయంలా నేర్చేసుకుందే, అది తట్టుకోలేకపోతున్నాను. నేను అడిగేవి రెండు. మొదటి రెండు వారాలు పొద్దున్న పది నిమిషాలు మమ్మల్ని తరగతి గది దాకా రానివ్వాలి. మొదటి వారమైనా ఒంటిపూట బడి పెట్టాలి. కాదనేవాళ్ళుంటే ఎందుకు కాదో చెప్పండి, నిజంగా వినాలనుంది.

గాజువాక రిటైర్డ్ టీచరు (జూన్ 14, ఉదయం 6:15)

అమ్మా, నేను 31 ఏళ్ళు పాఠాలు చెప్పాను, అందులో సగానికి పైగా ఒకటో తరగతికే. మీ బాధ అర్థమైంది. అయినా గేటు దగ్గర ఆపడమే మంచిదంటాను.

గుమ్మంలో ఒక తల్లి నిలబడితే ఆ బిడ్డ కళ్ళు పలక మీద ఉండవు, గుమ్మం మీదే ఉంటాయి. పక్కనున్న బిడ్డ మా అమ్మేదీ అని వెతుక్కుంటుంది. ఒకరు రాగం తీస్తే నలభైమందీ అందుకుంటారు. తల్లి కనుమరుగైన పిల్లల్లో చాలామంది పావుగంటలో ఊరుకోవడం ఏటేటా చూశాను. గుమ్మంలో తల్లి ఉన్న బిడ్డ మాత్రం ఆవిడ ఉన్నంతసేపూ ఏడుస్తూనే ఉంటుంది.

ఒకావిడ ఇలాగే రెండు రోజులే అని మొదలుపెట్టి వినాయక చవితి దాకా కిటికీ ఊచల్లోంచి ముద్దలు పెట్టింది. ఆ పిల్లాడు ఆ కిటికీ పక్క నుంచి కదిలేవాడు కాదు. ఇంటర్వెల్‌లో అందరూ మైదానంలో ఉంటే వాడొక్కడూ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ తప్పని నేననను. రానిచ్చిన మాదే తప్పు.

ఒంటిపూట బడీ ఒప్పుకోను. వారం రోజులు అన్నానికి ఇంటికెళ్ళడం అలవాటయ్యాక రెండో సోమవారం మళ్ళీ మొదటి రోజే అవుతుంది. బిడ్డని రెండుసార్లు ఏడిపించినట్టు.

కంచరపాలెం నాన్న (జూన్ 14, మధ్యాహ్నం 1:05)

నాది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మా ఆవిడ జగదాంబ దగ్గర బట్టల షాపులో చేస్తుంది. మాకిక్కడ అమ్మమ్మా లేదు, తాతయ్యా లేడు. ఒంటిపూట బడి అంటే పదకొండున్నరకి బాబుని తెచ్చేదెవరు? ఆటో అన్న పిల్లలందర్నీ ఒకే ట్రిప్పులో దింపుతాడు. పెద్ద క్లాసులవాళ్ళకి బెల్లు కొట్టేది మూడున్నరకే కాబట్టి మావాడొక్కడి కోసం మధ్యలో రాడు. నేను సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసొచ్చి పడుకుంటే ఆ టైముకి లేవగలనో లేదో నాకే తెలీదు.

ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళకి ఒంటిపూట బడి మేలు చేస్తుంది. మాలాంటి ఇళ్ళలో పిల్లాడు పక్కింట్లో కూచోవాలి, వాడికి అది బడికన్నా కొత్త.

గది దాకా రానివ్వడం గురించి కూడా ఒక మాట. అందరికీ కుదరదు కదండీ. వాళ్ళమ్మ వచ్చింది, మా అమ్మ రాలేదేం అని మావాడు అడుగుతాడు. ఏం చెప్పను?

అక్కయ్యపాలెం నర్సు (జూన్ 14, రాత్రి 9:30)

నేను పిల్లల వార్డులో చేస్తాను. గేటా గదా అన్నది మీరే తేల్చుకోండి, ఆ సీసా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బళ్ళు తెరిచాక ఒకటికి ఆపుకుని ఆపుకుని మంటతో, జ్వరంతో వచ్చే పిల్లల్ని చూస్తుంటాం, ఆడపిల్లలు ఎక్కువ. రెండుకి ఆపుకుంటే మలబద్ధకం, కడుపునొప్పి. పొద్దున్నే కడుపునొప్పి అంటే బడి ఎగ్గొట్టడానికే అనుకోవద్దు. మంట ఉన్నా, జ్వరం ఉన్నా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా వెంటనే డాక్టరుకి చూపించండి. ఏడుపు నెల దాటినా తగ్గక, తిండీ నిద్రా కూడా పోతుంటే అప్పుడూ చూపించాలి.

జాలరిపేట మేనత్త (జూన్ 17, సాయంత్రం 5:50)

మాది వేట మీద బతికే ఇల్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేదం, 61 రోజులు. ఆ రెండు నెల్లూ మా అన్నయ్య ఇంటికాడే ఉన్నాడు. మా మేనల్లుడు ఆల నాన్న బుజం దిగనేదు. 12న గుంటడ్ని బడిలో ఏసినాం, చిన్న ప్రైవేటు బడి. 15న బోటు ఎల్లిపోనాది. గుంటడు ఏటంటన్నాడో తెలుసా? నాను బడికెల్లినానని నాన్న ఎలిపోనాడు అంటన్నాడు. నిన్నా ఇయ్యాలా ఇంటి గుమ్మం పట్టుకుని ఒకటే ఏడుపు.

ఈ సంగతి టీచరమ్మకి ఎలా సెప్పాల? మమ్మల్ని గేటు కాడే ఆపీసినారు. నాను లోపలికెల్లి కూకుంటానని అనను, టీచరుగారూ. ఒక్క మాట టీచరమ్మ సెవిన ఏసి వచ్చీస్తాను, అంతే. ఆ మాట తెలిస్తే గుంటడు ఏడిసినప్పుడు టీచరమ్మ ఏటి సెప్పాలో అది సెప్తాది కదా.

పెందుర్తి టీచరు, ప్రభుత్వ బడి (జూన్ 18, రాత్రి 8:20)

జాలరిపేట అమ్మా, మీ మాట చదివి చాలాసేపు ఆగిపోయాను. నా తరగతిలో ఏడ్చే పిల్లల్లో ఎంతమంది వెనక ఇలాంటి బోటు ఉందో అనిపించింది.

నాది ప్రాథమిక పాఠశాల, ఒకటో తరగతి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా చూడమంది. అంటే అంగన్‌వాడీ లేదా ఎల్‌కేజీ, యూకేజీలకి కొనసాగింపుగానే ఒకటి, రెండు తరగతులు నడవాలి. ఆ మరుసటి ఏడు, 2021లో, విద్యా ప్రవేశ్ అని, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన కార్యక్రమం వచ్చింది. ఒకటో తరగతికొచ్చిన పిల్లల్ని మొదటి 12 వారాలు ఆటపాటలతో బడికి అలవాటు చేయడం దాని పని. మూడు నెలలు చదువుండదా అని అడిగే తల్లిదండ్రులు నాకు ప్రతి ఏడూ ఉంటారు. బాత్రూం ఎక్కడో తెలియని పిల్లకి అక్షరాలెలా వస్తాయండీ?

మా ఆవరణలోనే అంగన్‌వాడీ ఉంది. అందులోంచి వచ్చిన పిల్లలకి గేటూ తెలుసు, వేపచెట్టూ తెలుసు, వంటచేసే అమ్మా తెలుసు. వాళ్ళు ఏడవరు. ఏడ్చేది నేరుగా ఇంటి నుంచి వచ్చినవాళ్ళు, పనుల కోసం వలసొచ్చినవాళ్ళ పిల్లలు.

మొదటి రోజు నేను రైలు కట్టిస్తాను. ముందు నేను ఇంజను, వెనక ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని అందరూ. కుళాయి ఒక స్టేషను, బాత్రూం ఒక స్టేషను, వంటగది, హెడ్‌మాస్టరు గది, గేటు. ప్రతి స్టేషన్లో రైలు ఆగాలి, ప్రతి బిడ్డా ఆ పని చేయాలి. కుళాయి తిప్పాలి, మగ్గుతో నీళ్ళు పొయ్యాలి. మొదటి వారం రోజుకి మూడుసార్లు ఈ రైలు తిరుగుతుంది. రెండేళ్ళ క్రితం ఒక పాప బాత్రూం గడియ లోపల బిగించుకుని తీయలేకపోయింది. మేం తలుపు తెరిచేసరికి పావుగంట పట్టింది, పాప చెమటలో తడిసిపోయింది. అప్పట్నుంచి మా ఒకటో తరగతికి గడియ లేదు. ఎవరు లోపలికెళ్ళినా వాళ్ళ జత బయట కాపలా నిలబడాలి. ఆ కాపలా ఉద్యోగమంటే పిల్లలకి ఎంత ఇష్టమో!

ఇంకొకటి. బాత్రూంకి వెళ్తానని అడగడానికి ఇంగ్లీషు వాక్యం రావాలని పట్టుబట్టే స్కూళ్ళున్నాయి. అది చాలా తప్పు. విశాఖలో ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలూ వస్తారు. చిటికెనవేలు చూపిస్తే చాలు, నేను పంపిస్తాను.

కంచరపాలెం నాన్నగారి ప్రశ్నకి మా బడిలో చేసేది చెప్తాను. మొదటి రోజు అమ్మా నాన్నా తాతా ఎవరొచ్చినా అరగంట లోపలికి రానిస్తాం, రైల్లో వాళ్ళూ నడుస్తారు. ఎవరూ రాని పిల్లలు ఇంజను వెనకే, నా పక్కన. బెల్లు కొట్టగానే పెద్దవాళ్ళందరూ ఒక్కసారే బయటికి. చెప్పకుండా జారుకోవడం కుదరదు, వస్తాను అని చెప్పే వెళ్ళాలి.

గాజువాక రిటైర్డ్ టీచరు (జూన్ 19, ఉదయం 6:30)

టీచరమ్మా, ఒక్క బెల్లుతో అందరూ కదలడం బాగుంది. మా రోజుల్లో అలా చేసి ఉంటే ఆ కిటికీ గొడవ వచ్చేదే కాదు. బాత్రూం చూపించడం మేం మొదటి రోజు ఒకసారి చేసేవాళ్ళం, మూడుసార్లు కాదు. ఎంతమంది తడుపుకున్నారో ఇప్పుడు గుర్తొస్తోంది, పాపం. వాళ్ళని విసుక్కున్న రోజులూ గుర్తొస్తున్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు నా ఎదుట ఉంటే క్షమించమని అడుగుతాను.

కానీ రెండు వారాలు రోజూ పది నిమిషాలు అన్నదానికి మాత్రం నేను ఇప్పటికీ వ్యతిరేకమే. మొదటి రోజు అరగంట చాలు.

సీతమ్మధార అమ్మ (జూన్ 30, రాత్రి 11:10)

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను, క్షమించండి.

ఇంట్లోనే ఒక తప్పు జరిగిందని మధ్యలో తెలిసింది. మా అత్తయ్య పాపని ఊరుకోబెట్టడానికి "మీ అమ్మ గేటు బయటే కూచుంటుంది, ఎక్కడికీ పోదు" అని చెప్పారట. ప్రేమతోనే చెప్పారు. పాప అది నమ్మి ఇంటర్వెల్‌లో గేటు దగ్గరికెళ్ళి ఊచల్లోంచి చూసేదట. నేను కనపడకపోతే దాక్కున్నాననుకుని మళ్ళీ చూసేదట. నీళ్ళ మాటే కాదు, టిఫిన్ డబ్బా కూడా సగం ఎందుకు మిగులుతోందో అప్పుడర్థమైంది. ఆ రాత్రి కూచోబెట్టి నిజం చెప్పాను. అమ్మ ఇంటికెళ్ళిపోతుంది, వంట చేస్తుంది, నీళ్ళు పడుతుంది. నువ్వు అన్నం తిన్నాక రెండు పీరియడ్లవుతాయి, డైరీ బ్యాగులో పెట్టుకోమంటారు, అప్పుడు అమ్మ గేటు దగ్గరుంటుంది. మూడున్నర అంటే దానికేం తెలుసు? డైరీ అంటే తెలుసు. చాలాసేపు ఏడ్చింది. మర్నాటి నుంచి గేటు దగ్గరికెళ్ళడం మానేసింది.

తర్వాత నలుగురు తల్లులం, ఒక తాతగారు కలిసి హెడ్‌మిస్ట్రెస్‌ని కలిశాం. రోజూ రానివ్వమని అడగలేదు. టీచరుగారూ, ఆ ఒక్క విషయంలో మీరే నెగ్గారు. ఒక్క రోజు, బడి వదిలాక, పిల్లలతో కలిసి లోపల తిరగనివ్వండి అని అడిగాం. మొన్న 28న, శనివారం, ఒప్పుకున్నారు. మా పాప బాత్రూం మొదటి అంతస్తులో ఉంది. తలుపు బరువు, దానికి చేత్తో తోస్తే కదల్లేదు. భుజంతో తొయ్యి అని చూపించాను. నాలుగుసార్లు తోసింది. అయిదోసారి తలుపు తెరుచుకుంది, ఎంత గట్టిగా నవ్విందో. తర్వాత నన్ను బయట నిలబెట్టి తనొక్కతే లోపలికెళ్ళొచ్చింది. ఈరోజు సీసాలో సగం నీళ్ళే మిగిలాయి.

పెందుర్తి టీచరుగారు చెప్పినట్టు వచ్చే ఏడాది మొదటి రోజే ఇది చేయమని రాసిచ్చాం. స్కూలు బ్యాగుల బరువు మీద కేంద్రం 2020లో తెచ్చిన విధానం కాపీ కూడా జతచేశాం. ఒకటి, రెండు తరగతులకి బ్యాగు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలి, హోంవర్కు ఇవ్వకూడదు అని అందులో ఉంది. మా పాప బ్యాగు కిరాణా కొట్టు కాటా మీద పెడితే 3.8 కిలోలు తూగింది. దాని సంగతి వేరే చర్చలో రాస్తాను.

కంచరపాలెం అన్నగారూ, ఒంటిపూట బడి మీద నా మనసు మారలేదు. కానీ పదకొండున్నరకి బాబుని తెచ్చేదెవరని మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ కాగితంలో అది రాయలేదు.

కంచరపాలెం నాన్న (జూలై 1, ఉదయం 7:40)

థాంక్సండీ. శనివారం వదిలాక అంటే నాకూ కుదురుతుంది. మా స్కూల్లోనూ అడుగుతాను. ఆటో అన్నకి కూడా చెప్పాలి, ఆ రోజు మావాడిని ఎక్కించుకోవద్దని.

జాలరిపేట మేనత్త (జూలై 1, రాత్రి 9:00)

మా అన్నయ్య బోటు తిరిగొచ్చీసింది. నిన్న ఆడే గుంటడ్ని బడికాడ దింపినాడు, నాను ఏటకెల్తాను, మళ్ళీ వస్తాను, నువ్వు బడికెల్లినా ఎల్లకపోయినా నాను ఎల్లాలిరా అని సెప్పినాడు. టీచరమ్మ గేటు కాడికొచ్చి అంతా ఇన్నాది. నన్ను లోపలికి రమ్మని గది సూపించింది. బాత్రూం బాగానే ఉంది. కుళాయి మాత్రం ఎత్తుగా ఉంది, గుంటడికి అందట్లేదు. మునికాళ్ళ మీద నిలబడినా ఏళ్ళు తగిలి ఊరుకున్నాయి. రేపు రెండు ఇటికలు అట్టుకెల్లి దాని కింద పెడతాను. టీచరమ్మ సరే అన్నాది.